తువాల కింద బేరం: పెద్ద టెక్ కంపెనీల మీది వాదం వెనక కథ

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఆముదాలు, పల్లీలు, కందులు అమ్ముకోవడానికి బండ్లు కట్టుకుని అంగడికి పోయిన మా తాతల తరానికి ఒక దృశ్యం బాగా ఎరుక. అమ్మించే సాహుకారు, కొనే వ్యాపారి ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువాల కప్పుకుని, వేళ్లు పట్టి నొక్కి ధర తేల్చుకునేవారు. సరుకు పండించిన రైతు పక్కనే ఉండేవాడు కానీ, తువాల కింద ఎంతకు తెగిందో, అందులోంచి తన చేతికి వచ్చేది ఎంతో అతనికి తెలిసేది కాదు. ఈ పద్ధతి ఒక్క తెలంగాణదే కాదు, దేశంలోని చాలా అంగళ్లలో ఉండేది.

గూగుల్, అమెజాన్, యాపిల్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లను నడిపే మెటా లాంటి కంపెనీల వ్యాపార పద్ధతుల మీద ఇవాళ జరుగుతున్న వాదంలో అల్గారిథం, ప్లాట్‌ఫాం, డేటా వంటి మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. ఆ మాటలు విని, ఇది ఇంజనీర్లకూ లాయర్లకూ సంబంధించిన వ్యవహారం అనుకుని పక్కకు తప్పుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అసలు ప్రశ్న మాత్రం ఆ తువాల దగ్గరే ఉంది. అంగడిని నడిపేవాడే అందులో సరుకు కూడా అమ్మవచ్చునా, అమ్మితే అతని కాంటాను ఎవరు సరిచూడాలి, ఎవరి సరుకును ముందు పెడుతున్నాడో, ఎందుకు పెడుతున్నాడో చెప్పే బాధ్యత అతనికి ఉందా లేదా అన్నదే ఆ ప్రశ్న.

మన ప్రాంతం ఈ ప్రశ్నకు ఒక జవాబు చాలా కాలం కిందటే చూసింది. పేరుకు నిజాముదే అయినా ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉన్న బేరారులో (ఇప్పుడది మహారాష్ట్రలోని విదర్భలో భాగం) 1897లోనే పత్తి, ధాన్యం మార్కెట్లకు ఒక చట్టం వచ్చింది. లిన్‌లిత్‌గో అధ్యక్షతన ఏర్పడిన రాయల్ వ్యవసాయ కమిషన్ 1928లో ఇచ్చిన నివేదికలో అలాంటి నియంత్రిత మార్కెట్లు దేశమంతటా రావాలని సూచించింది. హైదరాబాద్ సంస్థానంలో 1339 ఫసలీ, అంటే 1930 ప్రాంతంలో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ఆ తర్వాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ చట్టం దాని స్థానాన్ని తీసుకుంది. సూర్యాపేట, బాదేపల్లి, మహబూబ్‌నగర్, గద్వాల మార్కెట్ యార్డుల్లో ఈనాడు మనం చూసే ఏర్పాటు ఆ పరంపరలోనిదే. రైతు తరఫున అమ్మించే అడ్తిదారు వేరు, కొనే ఖరీదుదారు వేరు, తూకం వేసే దడవాయి వేరు. ధర అందరి ముందూ పలకాలి, కమీషన్ ఎంతో ముందే తెలియాలి, తూకం, ధర, కోతలు అన్నీ రాసిన తక్‌పట్టీ రైతు చేతికి రావాలి.

ఇది అచ్చంగా అమలైందని ఎవరూ అనరు. ఒకే ఇంట్లో అన్న అడ్తిదారు, తమ్ముడు ఖరీదుదారు కావడం, తరుగు పేరిట కిలోలకు కిలోలు పోవడం, ఖరీదుదారులు ఒక్కమాట మీద ఉండి ధర పడేయడం మనవాళ్లకు తెలియనివి కావు. బత్తాయి పండించే నల్లగొండ రైతులను ఎవరిని కదిలించినా ఈ గోడు వినిపిస్తుంది. అయినా ఆ చట్టం ఒక పని చేసింది. ఏది మోసమో ముందే రాసిపెట్టింది. తరుగు తీస్తే రైతు ధర్నాకు కూర్చోగలుగుతున్నాడంటే, తీయకూడదన్న నియమం ఒకటి ఉందని అతనికి తెలుసు కాబట్టే. నియమం ముందే ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న ఈ తేడా ముందు ముందు మనకు అవసరమవుతుంది.

ఇదే కాలంలో అమెరికాలో ఈ తగాదా రైలు పట్టాల మీద నడిచింది. చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ నడిపిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఎదుగుదలకు రైలు కంపెనీలు దానికి రహస్యంగా ఇచ్చిన రాయితీలు పెద్ద ఊతం. ఒకే దూరానికి, ఒకే సరుకుకు, చిన్న వ్యాపారి ఒక కిరాయి కడితే పెద్ద కంపెనీ మరొకటి కట్టేది. అదీ తువాల కింద బేరమే. రైలు కిరాయిలు బహిరంగంగా ప్రకటించాలని 1887లో అక్కడి చట్టం ఆదేశించింది. గుత్తాధిపత్యాన్ని నేరంగా చూసే షెర్మన్ చట్టం 1890లో వచ్చింది. 1906లో వచ్చిన మరో చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, కలపను మినహాయించి, రైలు కంపెనీ తాను ఉత్పత్తి చేసిన సరుకును తన రైళ్ల మీదనే తరలించి అమ్ముకోకూడదని చెప్పింది. దారి నడిపేవాడు దారి నడపాలి, బొగ్గు అమ్మేవాడు బొగ్గు అమ్మాలి, రెండూ ఒకడే చేస్తే మిగతా బొగ్గు వ్యాపారులు బతకరు అన్నది దాని వెనక ఉన్న ఆలోచన. 1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టిన తీర్పు గురించి అందరూ చెబుతారు కానీ, ఈనాటి వాదానికి 1906 నాటి ఆ నిబంధనే ఎక్కువ దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది.

1970ల తర్వాత అక్కడి ఆలోచన మారింది. కొనేవాడికి ధర పెరగనంత వరకు కంపెనీ ఎంత పెద్దదైనా తప్పు లేదన్న వాదం కోర్టుల్లో బలపడింది. ఆ కొలతతో చూస్తే ఉచితంగా దొరికే సెర్చ్‌లో, ఉచితంగా దొరికే వాట్సాప్‌లో తప్పు కనిపించదు, ఎందుకంటే అక్కడ ధరే లేదు. మనం చెల్లించేది మన సమాచారంతో, మన సమయంతో, అంగట్లో సరుకు పెట్టిన చిన్న వ్యాపారి కట్టే కమీషన్‌తో. పాత కాంటాకు ఈ బరువు తూగలేదు.

మధ్యలో మైక్రోసాఫ్ట్ మీద పెద్ద కేసు ఒకటి నడిచింది. తన విండోస్‌తో పాటు తన బ్రౌజర్‌ను అంటగట్టి పోటీదారును దెబ్బతీసిందని 1998లో అమెరికా ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. కంపెనీని రెండుగా చీల్చాలని 2000లో వచ్చిన ఉత్తర్వును 2001లో అప్పీలు కోర్టు కొట్టివేసినా, గుత్తాధిపత్యాన్ని కాపాడుకోవడానికి అది చట్టాన్ని అతిక్రమించిందన్న నిర్ధారణ నిలిచింది. ఆ కేసు మైక్రోసాఫ్ట్ చేతులు కొంత కట్టకపోతే, అదే 1998లో పుట్టిన గూగుల్‌కు ఎదిగే సందు దొరికేది కాదని వాదించేవారు చాలామంది ఉన్నారు. పాతికేళ్ల తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. గూగుల్ మీద అమెరికా ప్రభుత్వం 2020 అక్టోబరులో వేసిన కేసులో, హైదరాబాద్‌లో పుట్టిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల 2023లో సాక్షిగా నిలబడి, ఫోన్లలో ముందే అమర్చి ఉండే సెర్చ్‌ను జనం మార్చుకోవడం ఎంత అరుదో కోర్టుకు చెప్పారు. అలా ముందే అమర్చి ఉంచడానికి గూగుల్ ఇతర కంపెనీలకు 2021 ఒక్క సంవత్సరంలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని ఆ విచారణలో బయటపడింది. సెర్చ్‌లో గూగుల్ అక్రమంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న తీర్పు ఇచ్చారు. క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మించాలన్న ప్రభుత్వ కోరికను మాత్రం ఆయన 2025 సెప్టెంబరులో ఒప్పుకోలేదు.

యూరప్ వేరే దారి పట్టింది. తన షాపింగ్ సేవను సెర్చ్‌లో పైకి తెచ్చి ఇతరుల సేవలను కిందికి నెట్టినందుకు 2017లో గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా పడింది. అప్పీళ్లన్నీ ముగిసి అది ఖాయమయ్యేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. తప్పు జరిగాక ఏళ్ల తరబడి విచారిస్తే, తీర్పు వచ్చేనాటికి దెబ్బతిన్న వ్యాపారి దుకాణం మూసుకుని పోయి ఉంటాడని అక్కడివారికి అనుభవం మీద అర్థమైంది. అందుకే డిజిటల్ మార్కెట్ల చట్టం చేసి, ఆల్ఫాబెట్ (గూగుల్ మాతృసంస్థ), అమెజాన్, యాపిల్, బైట్‌డాన్స్ (టిక్‌టాక్ యజమాని), మెటా, మైక్రోసాఫ్ట్ అనే ఆరు కంపెనీలను 2023లో ద్వారపాలకులుగా గుర్తించి, ఏం చేయకూడదో ముందే రాసిపెట్టారు. మార్కెట్ యార్డు గేటు మీద నిబంధనల బోర్డు పెట్టడం లాంటిదే ఇది.

మన దేశం సంగతికి వస్తే, 1969 నాటి గుత్తాధిపత్య నియంత్రణ చట్టం స్థానంలో 2002లో పోటీ చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన కాంపిటీషన్ కమిషన్ 2009 నుంచి కేసులు చేపట్టింది. భారత్ మ్యాట్రిమోనీ, జైపూర్‌కు చెందిన వినియోగదారుల సంస్థ కట్స్ 2012లో గూగుల్ సెర్చ్ మీద ఇచ్చిన ఫిర్యాదులకు తీర్పు 2018 ఫిబ్రవరిలో వచ్చింది. జరిమానా 135.86 కోట్ల రూపాయలు, పట్టిన కాలం ఆరేళ్లు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లన్నీ కలిపి అంటగట్టినందుకు 2022 అక్టోబరులో 1,337.76 కోట్లు, అదే నెలలో ప్లే స్టోర్ చెల్లింపుల పద్ధతికి 936.44 కోట్లు జరిమానా పడింది. మొదటిదాన్ని అప్పీలు ట్రిబ్యునల్ 2023 మార్చిలో నిలబెట్టింది. రెండోదాన్ని 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించింది. ఈ రెండింటి నడుమ, 2024 మార్చి 1న, రుసుము తగాదాలో గూగుల్ కొన్ని భారతీయ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసివేసి, కేంద్ర ప్రభుత్వం కలగజేసుకున్నాక తిరిగి పెట్టింది. యార్డు నడిపేవాడు గేటు మూస్తే బండి ఎక్కడ ఆగుతుందో ఆ రోజు దేశంలోని చిన్నాపెద్దా కంపెనీలన్నీ చూశాయి.

ఆన్‌లైన్ అంగళ్ల కథ ఇంకా మెలికలు తిరిగింది. విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీ అంగడిని మాత్రమే నడపాలని, సరుకును తానే నిల్వ పెట్టుకుని అమ్మకూడదని 2016లో కేంద్రం స్పష్టం చేసింది. తనకు వాటా ఉన్న సంస్థ సరుకును తన అంగట్లో అమ్మించకూడదని 2018 డిసెంబరులో ఇంకో నిబంధన చేర్చి, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. అడ్తిదారు, ఖరీదుదారు ఒకడే కారాదన్న మన యార్డు సూత్రం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. ఢిల్లీ వ్యాపారుల ఫిర్యాదు మీద అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పద్ధతులపై 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తుకు ఆదేశిస్తే, ఆ దర్యాప్తు జరగాలా వద్దా అన్న వ్యాజ్యమే సుప్రీంకోర్టు దాకా పోయి 2021 ఆగస్టులో తేలింది.

ఈ తగాదా మన నేత ఊళ్లకు ఎప్పుడో చేరింది. నాకు తెలిసిన ఒక పోచంపల్లి నేత కుటుంబం ఒక పెద్ద ఆన్‌లైన్ అంగట్లో చీరలు పెట్టింది. దారాలకు చిటికి ముడులు కట్టి, రంగులద్ది, మగ్గం మీద నేసిన పట్టుచీరకు మొదటి నెలల్లో కొనేవాళ్లు దొరికారు. తర్వాత ఆ పేరుతో వెతికితే ముందు వరుసలన్నీ మిల్లు బట్ట మీద అచ్చు వేసిన నకళ్లతో నిండి ఉండేవి, మూలన చిన్న అక్షరాల్లో ప్రకటన అని రాసి ఉండేది. తమ చీర పైకి రావాలంటే తామూ ప్రకటనకు డబ్బు కట్టాలి. కమీషన్, రవాణా, ప్రకటన పోను, మడత నలిగి వెనక్కి వచ్చిన చీరల నష్టం కూడా పోను, మాస్టర్ వీవర్‌కు (సరంజామా ఇచ్చి నేయించుకునే ఆసామికి) కూలికి నేసినప్పటి కంటే మిగిలింది ఎక్కువేమీ కాదని ఆ ఇంటి పెద్ద లెక్క రాసి చూపించాడు. తమ చీర ఎందుకు వెనక్కి పోయిందని ఆయన ఎన్నిసార్లు అడిగినా వచ్చిన జవాబు ఒకే యంత్ర సందేశం. నకిలీని అరికట్టడానికి పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ వెతుకులాటలో ఎవరు ముందు కనిపించాలో తేల్చే చోట ఆ గుర్తింపు చెల్లలేదు.

నియమం ముందే పెట్టడం మనకు చేతకాదనడానికి లేదు. ఫేస్‌బుక్ 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే సేవను మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. తర్వాత ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చుకున్న ఆ సేవను పేదలకు ఇంటర్నెట్ అని ప్రచారం చేశారు. ఏ దుకాణాలు ఉచితంగా కనిపించాలో ఒక కంపెనీ నిర్ణయిస్తే మిగతా దుకాణాల గతి ఏమిటని జనం అడిగారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈ-మెయిళ్లు వెళ్లాయి. వెబ్‌సైటును బట్టి డేటా ధర మార్చడాన్ని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది. నష్టం జరిగేదాకా ఆగకుండా, కంపెనీ పునాది గట్టిపడకముందే వచ్చిన నియమం అది.

అదే పట్టు తర్వాత నిలవలేదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మిర్చి బండి మీద కూడా అతికించి ఉండే యూపీఐ చెల్లింపుల్లో ఏ ఒక్క యాప్‌కూ 30 శాతానికి మించి వాటా ఉండరాదని జాతీయ చెల్లింపుల సంస్థ 2020 నవంబరులో చెప్పింది. గడువు 2022 ఆఖరు నుంచి 2024 ఆఖరుకు, అక్కడి నుంచి 2026 ఆఖరుకు జరిగింది. ఈలోగా ఫోన్‌పే, గూగుల్ పే రెండే ఐదింట నాలుగు వంతులకు పైగా లావాదేవీలను పంచుకున్నాయి.

పెద్ద టెక్ కంపెనీలకు ముందస్తు నియమాలు కావాలని జయంత్ సిన్హా అధ్యక్షతన పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2022 డిసెంబరులో సిఫారసు చేసింది. ప్రభుత్వం వేసిన కమిటీ 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాను బయటపెట్టింది. దేశంలో 4,000 కోట్ల రూపాయల టర్నోవర్ వంటి ఆర్థిక కొలతల్లో ఒకటి దాటి, కోటి మంది వాడకందార్లో, పది వేల మంది వ్యాపారులో ఉన్న సంస్థ తన సరుకుకు తానే పెద్దపీట వేసుకోకూడదని, తన అంగట్లోని వ్యాపారుల సమాచారాన్ని వారి మీదికే వాడకూడదని అందులో ఉంది. దీనివల్ల కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని, ఎదుగుతున్న మన కంపెనీలు కూడా ఈ వలలో పడతాయని కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. కొలతల గురించిన రెండో అభ్యంతరాన్ని కొట్టిపారేయలేము, దాన్ని సరిచేయవచ్చు. మన ప్రాంతంలో ఇంకో భయం కూడా వినిపిస్తుంది. ఒకప్పుడు పాలమూరు జిల్లాలో ఉన్న షాద్‌నగర్ వైపు మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల కోసం భూములు కొన్న ఈ రోజుల్లో, ప్రశ్నలు అడిగితే పెట్టుబడులు, ఉద్యోగాలు పోతాయని అంటారు. యార్డులో కాంటా సరిచేయమన్నప్పుడు కూడా వ్యాపారులు పక్క ఊరికి పోతారనే అన్నారు.

ఇంకా అధ్యయనం కావాలన్న మాట మీద ఆ ముసాయిదా ఆగింది. బాదేపల్లి యార్డులో పల్లీలు దించిన రైతుకు సాయంత్రానికి తక్‌పట్టీ అందుతుంది, అందులో తప్పుంటే దాన్ని పట్టుకుని మార్కెట్ కార్యదర్శి గదికి పోతాడు. పోచంపల్లి నేతగాడికి తన చీర ఎన్నో వరుసలో ఉందో, ఎవరు డబ్బు కడితే ఎవరి వెనక్కి పోయిందో రాసి ఇచ్చే కాగితం ఇంకా రాలేదు.