వాన ఆగితే ఏరు తగ్గినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"సార్, పొద్దున్నుంచి చినుకు లేదు కదా, ఏరు తగ్గుంటది." ఏటా అక్టోబరు, నవంబరుల్లో చప్టాల దగ్గర, అంటే వరదొస్తే నీళ్ళు మీద నుంచే పారే తక్కువ ఎత్తు వంతెనల దగ్గర, నాకు వినపడే మాట ఇదే. ఇరవై ఏళ్ళుగా వంతెనల పనిలో ఉన్నాను. నేను చూసినంతలో ఎక్కువ ప్రాణాలు తీసింది ఈ నమ్మకమే.

మన గుండ్లకమ్మ ఏరే చూడండి, అది పుట్టేది మన ఊళ్ళో కాదండీ. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం, అద్దంకి వైపుల నుంచి మల్లవరం రిజర్వాయరుకి వచ్చి, ఆ తర్వాత సముద్రంలో కలుస్తుంది. అంత పైన రాత్రి కురిసిన వాన మన దగ్గర ఎండ కాస్తున్నప్పుడు దిగుతుంది. దారిలో వాగులు కలుస్తాయి, చెరువులు అలుగు పారతాయి, గేట్లు ఎత్తుతారు. కాబట్టి మన ఆకాశం చూసి ఏటి సంగతి చెప్పలేం.

"మోకాలి లోతే కదా" అంటారు. అడుగు లోతు పారే నీరు చాలు, చిన్న కారు తేలిపోతుంది. రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. పైగా ఆ బురదనీళ్ళ కింద చప్టా ఉందో లేదో ఎవరికి కనపడుతుంది? మీది నుంచి దూకే నీరు దిగువన ఇసుకని తవ్వి, మెల్లగా స్లాబు కిందంతా గుల్ల చేస్తుంది, పైన సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా కనపడుతుంది. ఒకసారి వరద తీసిన మర్నాడు దిగువ అంచున ఇనప కడ్డీ దించితే నా ఛాతీ లోతు దిగింది. అంతకుముందే పాలక్యాన్ల బండితో ఒకాయన దాని మీదుగా దాటాడు. "నిన్న కూడా ఇట్టానే దాటా సార్" అన్నాడు. కడ్డీ చూపించాక బండి స్టాండు వేసి చాలాసేపు మాట్లాడలేదు.

ఇంట్లో కాన్పుకి దగ్గరపడ్డ మనిషి ఉంటే టెన్షన్ ఎంతుంటుందో నాకు తెలుసు. అందుకే చెప్తున్నా, తుఫాను కబురు వినగానే ముందురోజే ఆసుపత్రి ఉన్న వైపుకి ఏరు దాటించి బంధువులింట్లో ఉంచండి.

మిగతా అపోహలు త్వరగా చెప్తాను. వరద పిల్లర్లని గుద్ది పడేస్తుందంటారు, ఎక్కువసార్లు పునాది కింద ఇసుక కోసుకుపోవడం వల్లే వంతెన కుంగుతుంది. పిల్లర్ల పక్కన ఇసుక తవ్వుకుంటే ఏరు లోతై మంచిదనడం కూడా అందుకే తప్పు. వంతెన నిలబడ్డా రెండువైపులా కట్ట పోవచ్చు. 2021 నవంబరు పెన్నా వరదకి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. ఎండాకాలంలో ఎండిన ఏరు చూసి వంతెన కింద నీరు పోవడానికి ఇన్ని కానాలు దండగ అనేవాళ్ళు ఒక్క వరద రోజు వచ్చి చూడాలి.

ఇక వంతెన పునాదికి నరబలి ఇస్తారనే పుకారు. అది నమ్మి బిడ్డని బడికి పంపని తల్లి ఒకామె మా పని దగ్గరికే వచ్చింది. భయపడకు తల్లీ అని చెప్పి, గుంత అంచుదాకా తీసుకెళ్ళి కడ్డీ, కాంక్రీటు చూపించాను. మర్నాడు ఆ పిల్ల సంచి తగిలించుకుని మా ముందు నుంచే బడికి పోయింది.