ఒకే వానకు రెండు లెక్కలు

ఇంటి దగ్గర సొంత వాతావరణ కేంద్రం పెట్టుకున్నవారికి తొలి వానాకాలంలోనే ఎదురయ్యే చిక్కు, పక్కపక్కనే ఉన్న రెండు వర్షమాపకాలు ఒకే వానకు రెండు లెక్కలు చూపడం.

గరాటు, సీసా, కొలజాడీ ఉన్న సాదా మాపకంలో పొరపాటుకు తావు తక్కువ. గరాటు నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లైతే, చేరిన ప్రతి 20 మిల్లీలీటర్ల నీరూ ఒక మిల్లీమీటరు వర్షపాతం. భారత వాతావరణ శాఖ కేంద్రాల్లో ఉదయం 8.30కి కొలిచేది ఈ నీటినే. అయితే ఆ వాన అర్ధరాత్రి అరగంటలో దంచి కొట్టిందా, రోజంతా ముసురుపట్టి కురిసిందా అన్నది కొలజాడీ చెప్పలేదు.

ఆ వివరం కోసమే టిప్పింగ్ బకెట్ మాపకం. గరాటు కింద ఊగుడుబల్లలా రెండు చిన్న దోనెలు ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది దాని చోటికి వస్తుంది, ఒరిగిన ప్రతిసారీ అయస్కాంతం ఒక స్విచ్‌ను కదిలించి లెక్క వేయిస్తుంది. 0.2 మి.మీ.కు ఒకసారి ఒరిగే మాపకం, గంటకు 100 మి.మీ. చొప్పున కురిసే వానలో ఏడు సెకన్లకోసారి ఒరగాలి. ఒరుగుతున్న ఆ క్షణంలో జారిన నీరు అప్పటికే నిండిన దోనెలో పడి లెక్కకు రాకుండా పోతుంది కనుక, జడివానలో ఇది తక్కువ చూపుతుంది. సన్నని తుంపరలోనేమో సగం నిండిన దోనెలోని నీరు ఎండకు ఆవిరైపోతుంది. గరాటు రంధ్రంలో వేపాకు ఈనె ఒక్కటి అడ్డుపడినా చాలు, వాన వెలిసిన గంటల తర్వాత కూడా తెర మీద వాన కురుస్తూనే ఉంటుంది.

ఇన్ని చెప్పినా, నా దృష్టిలో మాపకం రకం కంటే దాన్ని పెట్టిన చోటే ముఖ్యం. 1766-67లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు లండన్‌లో నేలకు దగ్గరగా ఒకటి, ఇంటి కప్పు మీద ఒకటి, వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే అనే ఎత్తైన చర్చి పైన ఒకటి మాపకాలు ఉంచితే, ఏడాదిలో అబ్బే పైన చేరిన నీరు కింద చేరిన దానిలో దాదాపు సగమే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పెరిగి, చినుకులను గరాటు నోటి మీదుగా పక్కకు తోసేస్తుంది. మన మేడల మీద పిట్టగోడ పక్కన పెట్టిన మాపకానికీ ఇదే బెడద. నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున, చుట్టూ ఉన్న చెట్టుకైనా గోడకైనా దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉంచడం మేలు.

అందుచేత పోల్చదలచిన రెండు మాపకాలనూ ముందు ఒకే ఎత్తులో, ఒకే ఆరుబయట ఉంచాలి. అప్పటికీ తేడా వస్తే, 400 మిల్లీలీటర్ల నీటిని చుక్కలు చుక్కలుగా టిప్పింగ్ బకెట్ గరాటులోకి వదలాలి. దాని నోరు కూడా 200 చదరపు సెంటీమీటర్లదే అయితే వంద సార్లు ఒరగాలి. తొంభై దగ్గరే ఆగితే దోనెల కింద ఉన్న మరలను కొద్దిగా పైకి తిప్పి, మళ్లీ నీళ్లు వదిలి లెక్కపెట్టాలి.