సోంపు ప్లేటులో చిల్లర, ఈఎస్‌ఐ లెక్కలో జీతం

హైదరాబాద్ పాత ఇరానీ హోటళ్లలో బిల్లు కాగితం మీద కంటే ముందు గొంతులో వినిపించేది. చాయ్ తాగిన గిరాకీ లేచి గల్లా వైపు నడుస్తుండగానే సర్వర్ వెనక నుంచి మొత్తాన్ని కేకవేసి చెప్పేవాడు, సేటు ఆ కేకను బట్టే డబ్బు తీసుకునేవాడు. బల్ల దగ్గరికే బిల్లు తెచ్చే హోటళ్లలో మాత్రం సోంపు ప్లేటులో వచ్చిన చిల్లరలో కొంత వదిలి లేవడం మర్యాద. ఊరి వాడుకలో దాని పేరు బక్షీసు. ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఆ మాటలో ఇచ్చేవాడి దయే తప్ప పుచ్చుకునేవాడి హక్కు లేదు. టిప్పు అన్న పేరు వచ్చినా ఆ అర్థం మారలేదు. చట్టం కూడా చివరికి దాన్నే ఖాయం చేసింది.

జీతం నడిచిన దారి వేరు. కనీస వేతనాల చట్టం, పనివాళ్లకు వైద్యం, జబ్బు రోజుల్లో భృతి ఇచ్చే ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం రెండూ 1948లోనే వచ్చాయి. కనీస వేతనం అంటే ఎంత ఉండాలో 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు లెక్కగట్టింది: ఒక్కొక్కరికి 2,700 కేలరీల చొప్పున ముగ్గురి తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం. పిల్లల చదువు, వైద్యం వంటి ఖర్చులకు మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1991 వచ్చింది. అయిదేళ్లకు మించకుండా ఈ వేతనాలను సమీక్షించాలని చట్టంలో ఉన్నా, ఆ గడువును ప్రభుత్వాలు ఎంత శ్రద్ధగా పాటించాయో పనివాళ్లకు తెలుసు.

అమెరికాలో 1966 నుంచి టిప్పులో కొంత భాగాన్ని కనీస వేతనం కింద జమ కట్టుకునే వీలు యజమానికి ఉంది. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పుల మీద బతికే పనివాడికి యజమాని తన జేబు నుంచి ఇవ్వాల్సిన గంట వేతనం 1991 నుంచి 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మన చట్టంలో అలాంటి వెసులుబాటు లేకపోవడం మంచిదే కానీ, మన చిక్కు మరోవైపు ఉంది. కార్డు మీద వచ్చిన టిప్పును హోటల్ పంచి ఇచ్చినా అది జీతం కాదని, దాని మీద యజమాని ఆదాయపు పన్ను కోయనక్కర్లేదని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పన్ను వరకు అది ఊరటే. అయితే ఈఎస్‌ఐకి గానీ పీఎఫ్‌కు గానీ లెక్క కట్టేది యజమాని ఇచ్చే వేతనం మీదే కాబట్టి, గిరాకీ చేతి నుంచి వచ్చిన డబ్బు ఆ పద్దుల్లోకి ఎక్కదు.

ఉదాహరణకు ఒక సర్వర్‌కు జీతం 14,000, టిప్పులు 6,000 రూపాయలు అనుకుందాం. 2019 జులై నుంచి ఉన్న ఈఎస్‌ఐ రేట్ల ప్రకారం అతని జీతంలో 0.75 శాతం, అంటే 105 రూపాయలు కోస్తారు, యజమాని 3.25 శాతం, అంటే 455 రూపాయలు కడతాడు. అతనికి కామెర్లు వచ్చి సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చేరితే వైద్యం ఉచితమే. నెల రోజులు పనికి వెళ్లకపోతే మాత్రం సిక్‌నెస్ బెనిఫిట్ కింద జీతంలో 70 శాతం, అంటే సుమారు 9,800 వస్తుంది. ఇంటికి వెళ్లే డబ్బు 20,000 నుంచి సగానికి లోపే పడిపోతుంది. అదీ హోటల్‌లో పదిమందికి తగ్గకుండా పనిచేస్తూ, వాళ్ల పేర్లన్నీ రిజిస్టర్‌లో ఉంటేనే. తొమ్మిది పేర్లతో ముగిసే రిజిస్టర్లు ఈ ఊళ్లో ఎవరికీ వింత కాదు.

హోటళ్లు సర్వీస్ ఛార్జీని తమంతట తామే బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ వాదన అంతా ప్రధానంగా గిరాకీ హక్కు చుట్టూ నడిచింది.

ఇప్పుడు చిల్లర స్థానంలో ఫోన్ తెర మీద టిప్పు బటన్ ఉంది, సర్వర్ స్థానంలో డెలివరీ కుర్రాడు ఉన్నాడు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇలా యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికులతో సమావేశమై 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, గిగ్ కార్మికుల నిధి కోసం యాప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కట్టాలంటోంది. ప్రమాదానికైతే బీమా ఉంది. డెంగీ వచ్చి వారం రోజులు మంచం పడితే ఆర్డర్లూ ఉండవు, టిప్పులూ ఉండవు; ఆ వారానికి ప్రమాద బీమా పైసా ఇవ్వదు.