సిమ్ కార్డు ఎవరి మాట వింటుంది?

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘సిమ్ టూల్‌కిట్’ అనే ఐకాన్ కనిపిస్తుంది. మనం డౌన్‌లోడ్ చేసుకున్నది కాదు. అందులోని మెనూ ఉండేది ఫోన్‌లో కాదు, సిమ్‌లో. వేలిగోరంత ఆ ముక్కలో ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ ఉన్నాయి.

1974లో ఫ్రాన్స్‌కు చెందిన రోలాండ్ మొరెనో చిప్ కార్డుకు పేటెంట్ వేశాడు. ఆ దశాబ్దంలోనే బుల్ కంపెనీ ఇంజనీర్ మిషెల్ ఉగాన్ దానికి ప్రాసెసర్ తగిలించాడు. 1991లో ఫిన్లాండ్ ఆపరేటర్ రేడియోలింజా చేతికి వచ్చిన తొలి సిమ్‌లు ఏటీఎం కార్డంత ఉండేవి. ముఖ్యమైన పని ఒక్కటే, తాను అసలు సిమ్మేనని నెట్‌వర్క్‌కు రుజువు చేయడం. నెట్‌వర్క్ ఒక సంఖ్య పంపితే, తనలో దాచుకున్న రహస్య కీతో లెక్క కట్టి జవాబివ్వాలి. కీ మాత్రం గడప దాటకూడదు.

అక్కడితో ఆగితే గొడవే లేదు. 1990ల చివరికి సిమ్‌లో చిన్న జావా ప్రోగ్రాములు నడపడం, వాటిని స్క్రీన్ మీద కనపడని ఎస్సెమ్మెస్‌లతో మార్చడం మొదలైంది. మంచీ జరిగింది: 2007లో కెన్యాలో ఎం-పెసా డబ్బు బదిలీలు చవక ఫోన్లలో నడిచింది సిమ్ మెనూతోనే. మన దగ్గర మాత్రం జాతకాలు, క్రికెట్ స్కోర్లు, కాలర్ ట్యూన్ల పాప్-అప్‌లు దండిగా వచ్చేవి. జేబులో ఉన్న కీప్యాడ్ ఫోన్‌లో ఓకే నొక్కుకుపోయినా చాలు, బ్యాలెన్స్ కట్! ఏ దారిలో అడిగినా కస్టమర్ రెండోసారి ఒప్పుకుంటేనే సర్వీసు మొదలెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలో ఆదేశించాల్సి వచ్చింది.

అదే నెలలో జర్మన్ పరిశోధకుడు కార్స్టెన్ నోల్ అసలు లొసుగు బయటపెట్టాడు. సిమ్‌ను మార్చే ఆ కనపడని ఎస్సెమ్మెస్‌ను చెల్లని డిజిటల్ సంతకంతో పంపితే, కొన్ని సిమ్‌లు తమ సంతకం పెట్టి మరీ ఎర్రర్ జవాబిచ్చాయి. ఆ సంతకానికి వాడింది 1970ల నాటి డెస్ అనే ఎన్‌క్రిప్షన్ (రహస్య సంకేత పద్ధతి) కావడంతో, ఆ జవాబు నుంచి సిమ్‌లోని ప్రోగ్రాములు మార్చే కీ రాబట్టడం మామూలు కంప్యూటర్‌కు నిమిషాల పని. 75 కోట్ల ఫోన్లకు ముప్పు ఉండొచ్చని అప్పట్లో అంచనా.

2019 సెప్టెంబరులో ‘సిమ్‌జాకర్’ అనే దాడి బయటపడింది. ఒక్క ఎస్సెమ్మెస్‌తో సిమ్ తన ఫోన్ ఎక్కడుందో అడిగి, దాడి చేసినవాళ్లకు గప్‌చుప్‌గా చేరవేసేది. వాడుకున్నది ఎస్ఎట్‌టీ బ్రౌజర్ అనే పాత సిమ్ ప్రోగ్రామును. దాని స్పెసిఫికేషన్‌ను (ఎలా పనిచేయాలో చెప్పే పత్రాన్ని) 2009 తర్వాత అప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. అవసరం తీరిపోయినా, కార్డుల్లోంచి తీసేయాలని ఎవరికీ తోచలేదు.