కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ: నలభై ఏళ్ల ముచ్చట

2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లో కాజీపేట పేరు ఎక్కడా లేదు. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ పెట్టే విషయాన్ని ఆరు నెలల్లోగా రైల్వే పరిశీలించి, త్వరగా నిర్ణయం తీసుకోవాలని మాత్రమే ఉంది. అయినా ఓరుగల్లు వాళ్లకు అది ఏ ఊరి గురించో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

కాజీల పేరు మీద పుట్టిన ఈ ఊరిని పెంచింది మాత్రం రైలే. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి బెజవాడకు 1889లో లైన్ పూర్తయింది. అప్పటికి ఇది దారిలో ఒక స్టేషన్, అంతే. 1929లో బల్లార్షా లైన్ కూడా వచ్చి కలవడంతో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది, కాజీపేట జంక్షన్ అయింది. లోకో షెడ్, రన్నింగ్ స్టాఫ్, వరసగా క్వార్టర్లు! ఆ తర్వాత డీజిల్ షెడ్, ఎలక్ట్రిక్ షెడ్ కూడా వచ్చాయి. బండ్లు నడపడం, బాగుచేయడం ఇక్కడి వాళ్లకు తెలిసిన పని. బండ్లు తయారుచేసే పని మాత్రం రాలేదు.

1980ల మొదట్లో కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ ఖాయమనుకున్నారు. 1984లో ఇందిరా గాంధీ హత్య జరిగింది. మరుసటి ఏడాది ఆగస్టులో పంజాబ్‌లోని కపుర్తలాలో కోచ్ ఫ్యాక్టరీకి రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేశారు. మనకు రావాల్సింది అటు పోయిందని ఇక్కడి వాళ్లు ఇప్పటికీ అంటారు. ఉగ్రవాదంతో అట్టుడుకుతున్న పంజాబ్‌ను చల్లార్చాల్సిన అప్పటి పరిస్థితులు చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేం.

తర్వాత నడిచిందంతా పేర్ల పంచాయితీ. 2016లో మంజూరైంది ఫ్యాక్టరీ కాదు, వ్యాగన్ల పీఓహెచ్ వర్క్‌షాపు. అంటే తిరిగి తిరిగి అరిగిన వ్యాగన్లను గడువు ప్రకారం విప్పి, బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించడం. పని మంచిదే, కానీ కోచ్ లెక్క వేరు. సీట్లు, వైరింగ్, ఏసీలు, అద్దాలు, ఫ్యాన్లు ఇలా ఒక్కోదానికి చుట్టూ చిన్న యూనిట్లు పుట్టే వీలుంటుంది. వ్యాగన్ అంటే ప్రధానంగా ఇనుము, చక్రాలు, బ్రేకులు. రైల్వే కుటుంబాల్లో ఈ తేడా పిల్లలకూ తెలుసు, అందుకే వర్క్‌షాపుతో సరిపెడితే ఊరు ఒప్పుకోలేదు. పైగా 2018లో కొత్త కోచ్ ఫ్యాక్టరీ అవసరం లేదని కేంద్రమే చెప్పేసరికి మంట ఇంకా పెరిగింది. మడికొండ దగ్గర అయోధ్యాపురంలో దేవుడి మాన్యాల చిక్కుతో భూమి అప్పగింతా ఏళ్ల తరబడి సాగింది.

2023 జులై 8న ప్రధాని మోదీ వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. 500 కోట్లకు పైగా ఖర్చు. పేరు రైల్వే మాన్యుఫ్యాక్చరింగ్ యూనిట్! అందులో కోచ్ లేదు, వ్యాగనూ లేదు, ఎవరికి కావాల్సింది వాళ్లు చదువుకోవచ్చు. మొదటి ప్లాన్ వ్యాగన్లదే. 2024లో కోచ్‌లు కూడా తయారయ్యేలా యూనిట్‌ను మారుస్తామని రైల్వే చెప్పింది.

ఇక ఏటా ఎన్ని కోచ్‌లు, ఎందరు స్థానికులకు ఉద్యోగాలు అన్నదే లెక్క.