మ్యూజిక్ డిస్కు, డేటా డిస్కు: తేడా అంతా గాడి వణుకులోనే

కొత్త సీడీ-ఆర్ (మనమే ఒకసారి రాసుకోగల ఖాళీ సీడీ) ఒకటి ప్యాకెట్ విప్పి, ఏమీ రాయకముందే దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. ఖాళీ డిస్కు నున్నగా ఉంటే ఉత్త అద్దంలా మెరవాలి కదా, ఈ రంగులెక్కడివి? అది నున్నగా ఉండదు. లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గాడిని ఫ్యాక్టరీలోనే వేసి పంపిస్తారు, చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. "మ్యూజిక్ అని రాసి ఉన్న ఖాళీ డిస్కు కొంటే పాట బాగా వినిపిస్తుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. జవాబు ఈ గాడిలోనే ఉంది.

ఈ గాడి తిన్నగా పోదు, వణుకుతూ పోతుంది. పక్కకి జరిగేది సుమారు 30 నానోమీటర్లే, ఒక్కో వంపు పొడవు మాత్రం దాదాపు ఒక వెంట్రుక మందమంత. బండి చక్రం గాడిలో పడి పోతోందనుకోండి. పెద్ద మలుపు వస్తే బండి తిరుగుతుంది, కానీ గాడి అంచు సన్నగా అటూ ఇటూ ఊగితే అంత బరువున్న బండి దానితోపాటు ఊగలేదు, లోపల కూర్చున్నవాడికి కుదుపు మాత్రం తెలుస్తుంది. డ్రైవ్‌లో ఈ గాడి వెంట పోయే లేజర్ పరిస్థితీ అంతే. చుట్టు వెంట నిదానంగా జరుగుతుంది గానీ వణుకు వెంట పరిగెత్తలేదు, కాబట్టి తిరిగొచ్చే కాంతి ఎడమ సగంలో ఓసారి, కుడి సగంలో ఓసారి కొద్దిగా పెరుగుతుంది. ఆ కుదుపుల్ని లెక్కపెడితే డిస్కు తిరిగే వేగం తెలిసిపోతుంది! మామూలు వేగంలో సెకనుకి 22,050 రావాలి, తగ్గితే మోటారు వేగం పెంచుతారు.

ఇంకా అందమైన సంగతి, ఆ కుదుపులు ఒకే తీరుగా రావు. ఓసారి కాస్త వడిగా, సెకనుకి 23,050 దాకా, ఓసారి కాస్త నిదానంగా, 21,050 దాకా. ఆ వడీ నిదానాలతోనే బిట్లు రాసేశారు. దీన్ని ఏటిప్ అంటారు. ఆ బిట్లలో ఉండేవి నిమిషం, సెకను, ఫ్రేమ్ (సెకనులో 75వ వంతు), అంటే దారి పొడవునా మైలురాళ్లు, సెకనుకి 75. గాడి మొదట్లో మాత్రం వేరే కబుర్లు కూడా ఉంటాయి: లేజర్‌ని ఎంత పవర్‌తో వెలిగించాలి, ఎక్కడిదాకా రాయొచ్చు, ఈ డిస్కు దేనికోసం.

ఆ చివరి గుర్తే మ్యూజిక్ డిస్కుకీ డేటా డిస్కుకీ తేడా. స్టీరియోతో వాడే సీడీ రికార్డర్ ముందు దాన్ని చదివి, మ్యూజిక్ గుర్తు లేకపోతే రాయనంటుంది. కంప్యూటర్ డ్రైవ్ దాన్ని అసలు పట్టించుకోదు. ఇదంతా పాటల హక్కుదారులకి వెళ్లే రాయల్టీల కోసం పెట్టిన ఏర్పాటు. అమెరికాలో 1992 నాటి ఆడియో హోమ్ రికార్డింగ్ చట్టం ఇలాంటి రికార్డర్ల మీద 2 శాతం, సంగీతం కోసం అమ్మే ఖాళీ డిస్కుల మీద 3 శాతం రాయల్టీ పెట్టింది. మ్యూజిక్ డిస్కులో బాస్ బాగా పలుకుతుందనే నమ్మకం చాలామందికి ఉంది, అది ఉత్త నమ్మకమే. డిస్కులో ఉండేవి అంకెలు, వాటిని తప్పులేకుండా చదివితే ఏ డిస్కులోనైనా అదే పాట.

పాటకీ డేటాకీ అసలు తేడా డిస్కు మీద రాసేటప్పుడు వస్తుంది. 80 నిమిషాల డిస్కులో 3,60,000 సెక్టార్లు, అంటే సమానమైన ముక్కలు, ఒక్కోటి 2,352 బైట్లు. పాటైతే అన్నీ పాటకే, మొత్తం 84 కోట్ల బైట్ల పైమాట. డేటా అయితే సెక్టారుకి 2,048 మాత్రమే, అందుకే అదే డిస్కు మీద 700 ఎంబీ అని రాస్తారు. మిగతా 304లో 16 సెక్టారు మొదలైందనే గుర్తుకీ చిరునామాకీ, తక్కినవి దాదాపు అన్నీ తప్పులు పట్టుకుని దిద్దడానికి. పాటలకీ దిద్దుబాటు పద్ధతి ఒకటి ఉంది, డేటాకి దానిమీద ఇది రెండోది. గీత పడి పాటలో ఒక శాంపిల్ (ఒక క్షణంలో ధ్వని ఎంతో చెప్పే అంకె) దిద్దడానికి కూడా వీల్లేకుండా పోయిందనుకోండి, పక్కవి 100, 104 అయితే ప్లేయర్ మధ్యలో 102 వేసేస్తుంది, చెవికి తెలియదు. బ్యాంకు ఖాతా నంబర్లో ఒక అంకె పోతే, అటూ ఇటూ ఉన్న అంకెలు చూసి అలా వేయడం కుదరదు.