సొంత కణజాలంతో రొమ్ము పునర్నిర్మాణం: అపోహలు - వాస్తవాలు

కేన్సర్ వల్ల రొమ్ము తీసేశాక ఆ చోట మళ్లీ ఆకారం తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి సిలికాన్ ఇంప్లాంట్. రెండోది ఒంట్లోనే మరోచోటి నుంచి చర్మం, కొవ్వు తెచ్చి అమర్చడం. అలా తెచ్చినదాన్ని ఫ్లాప్ అంటారు. ఫ్లాప్ అంటే ఉత్త కొవ్వు ముద్ద అనుకోవడం దగ్గరే చాలా అపోహలు మొదలవుతాయి. నిజానికి దాని ప్రాణమంతా రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న రక్తనాళంలో ఉంటుంది.

అపోహ: పొట్టలో కొవ్వు తీసి ఛాతీలో నింపేస్తారు.

వాస్తవం: లైపోసక్షన్‌తో, అంటే గొట్టంతో పీల్చి, తీసిన కొవ్వును సూదితో ఎక్కించే పద్ధతి వేరే ఉంది. ఆ కొవ్వుకు సొంత రక్తనాళం ఉండదు. చుట్టుపక్కల నుంచి రక్తం అందేలోపు కొంత కరిగిపోతుంది. అందుకే దాన్ని ఎక్కువగా గుంటలు సరిచేయడానికి వాడతారు.

పొట్ట నుంచి తెచ్చే పద్ధతిని డీప్ (DIEP) ఫ్లాప్ అంటారు. ఇందులో బొడ్డు కింది చర్మాన్ని, కొవ్వును వాటి ధమని, సిరలతో సహా తీస్తారు. ఆ నాళాలు పొట్ట కండరం లోపలి నుంచి పైకి వస్తాయి. కండరాన్ని కోసి తీసేయకుండా, పోగులను పక్కకు జరుపుతూ నాళాన్ని విడదీయాలి. ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. ఏ నాళం ఎక్కడ పైకి వస్తోందో తెలియడానికి ముందే సీటీ యాంజియోగ్రామ్ తీస్తారు. తర్వాత ఫ్లాప్‌ను ఛాతీ మీదికి మార్చి, రొమ్ము ఎముక పక్కనుండే ధమనికి, సిరకు మైక్రోస్కోపు కింద కలుపుతారు. ధమనిని వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో కుడతారు. సిరకు చాలామంది సర్జన్లు కప్లర్ అనే చిన్న రింగుల జత వాడతారు. ఒక వైపుకే సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది.

అపోహ: శరీరం దాన్ని ఒప్పుకోకపోవచ్చు.

వాస్తవం: మన కణజాలమే కాబట్టి తిరస్కరించడమన్న మాటే లేదు. భయపడాల్సింది కలిపిన చోట రక్తం గడ్డకట్టడం గురించి. అది ధమనిలో కన్నా సిరలో ఎక్కువ. సిర మూసుకుపోతే రక్తం లోపలికి వస్తుంది, బయటికి పోదు. ఫ్లాప్ ఊదా రంగుకు తిరిగి ఉబ్బుతుంది, వేలితో నొక్కి వదిలితే రంగు క్షణంలో తిరిగొస్తుంది, సూదితో గుచ్చితే నల్లటి రక్తం గబగబా వస్తుంది. ధమని మూసుకుపోతే ఇందుకు పూర్తిగా వేరుగా ఉంటుంది: ఫ్లాప్ పాలిపోతుంది, చల్లబడుతుంది, నొక్కిన చోట రంగు రాదు.

మొదటి రోజు నర్సు గంట గంటకూ వచ్చి లేపి చూడటం, డాప్లర్ అనే చిన్న పరికరంతో ఫ్లాప్ నాళంలో నాడి శబ్దం వినడం ఇందుకే. నిద్ర చెడగొడుతున్నారని విసుక్కోకండి. ఇలాంటి సమస్యలు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. అనుమానం వస్తే ‘పొద్దున చూద్దాం’ అనడానికి లేదు. కొన్ని గంటల్లోనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి గడ్డ తీస్తే ఫ్లాప్ దక్కే అవకాశం బాగా ఉంటుంది. అనుభవమున్న చోట ఫ్లాప్ పూర్తిగా పోవడం నూటికి ఒకటి నుంచి మూడు కేసుల్లోనే.

సిగరెట్ ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానాలి. నికోటిన్ ప్యాచ్‌లు, గమ్‌లు కూడా సిగరెట్ లెక్కలోనే వస్తాయి, ఎందుకంటే చర్మపు నాళాలను బిగించేది నికోటినే. దీని దెబ్బ ఫ్లాప్ మీద కన్నా పొట్ట గాయం అంచుల మీద, రొమ్ము తీశాక మిగిలిన చర్మం మీద ఎక్కువ. రొమ్ము కేన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర వాడేవాళ్లకు గడ్డల ముప్పు పెరుగుతుంది కాబట్టి కొందరు సర్జన్లు రెండు నుంచి నాలుగు వారాల ముందు ఆపమంటారు. అయితే ఆంకాలజిస్టుతో మాట్లాడకుండా మీ అంతట మీరు ఆపకూడదు.

అపోహ: పనిలో పనిగా పొట్ట కూడా తగ్గుతుంది, రెండూ లాభమే.

వాస్తవం: పొట్ట చదునవుతుంది, నిజమే. అయితే ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా మచ్చ మిగులుతుంది. బొడ్డు కింద చాలాకాలం మొద్దుబారి ఉంటుంది. చర్మం బిగుతుగా కుట్టడం వల్ల మొదటి వారం పది రోజులు నడుం వంచుకునే నడవాలి. ఆరు వారాల దాకా బరువులెత్తకూడదు. కండరాన్ని కూడా తీసే పాత పద్ధతి ట్రామ్‌తో పోలిస్తే డీప్‌లో పొట్ట ఉబ్బడం, హెర్నియా తక్కువ. కానీ అసలు రావని కాదు, నాళాన్ని విడదీసేటప్పుడు కండరానికి వెళ్లే నరాలు దెబ్బతింటే ఆ చోట బలహీనపడుతుంది.

చాలామందికి చెప్పని విషయం ఇంకొకటి ఉంది: పొట్టను ఒక్కసారే వాడుకోగలం. ఇప్పుడు ఒక రొమ్ముకే వాడితే, రేపు రెండోదానికి పొట్ట నుంచి ఇంకేమీ దొరకదు. రెండో రొమ్ముకూ ముప్పున్న జన్యుమార్పు ఉన్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇదివరకే టమ్మీ టక్ (పొట్ట తగ్గించే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లకు ఈ నాళాలు తెగిపోయి ఉంటాయి, పొట్ట పనికిరాదు. సిజేరియన్ మచ్చ మాత్రం సాధారణంగా అడ్డు కాదు.

పొట్ట కుదరకపోతే తొడ లోపలి వైపు నుంచో పిరుదుల నుంచో తీయొచ్చు. వీపు కండరాన్ని సొంత నాళంతోనే చంక కింద నుంచి ముందుకు తిప్పే పద్ధతికి మైక్రోస్కోపు కుట్లు అక్కర్లేదు. అయితే పరిమాణం చాలక తరచూ కింద ఇంప్లాంట్ కూడా పెట్టాల్సి వస్తుంది, వీపులో నీరు చేరడం మామూలే.

అపోహ: కొత్త రొమ్ము కింద కేన్సర్ దాక్కుంటుంది.

వాస్తవం: తిరిగొచ్చే కేన్సర్ ఎక్కువగా చర్మంలోనో, చర్మం కిందనో వస్తుంది. అది చేతికి తెలుస్తుంది. గందరగోళపెట్టేది వేరొకటి: రక్తం సరిగా అందని కొవ్వు కొంత చచ్చి, కొన్ని నెలలకు గట్టి గడ్డలా తగులుతుంది. ఇది కేన్సర్ కాదు. కానీ తాకి చూసి ఆ మాట చెప్పేయకూడదు, అల్ట్రాసౌండ్ చేసి, అనుమానముంటే సూదితో ముక్క పరీక్ష చేయాలి.

అపోహ: రొమ్ము తీసినప్పుడే చేయించుకోకపోతే ఇక అవకాశం పోయినట్టే.

వాస్తవం: ఏళ్ల తర్వాతైనా చేయొచ్చు. రేడియేషన్ తప్పదని తెలిస్తే చాలా బృందాలు వాయిదా వేయడమే మేలంటాయి, ఎందుకంటే రేడియేషన్ తగిలిన ఫ్లాప్ కుంచించుకుపోయి గట్టిపడొచ్చు. రేడియేషన్ అయ్యాక ఆరు నెలల నుంచి ఏడాది ఆగి చేస్తారు.

అపోహ: ఒక్క ఆపరేషన్‌తో అంతా అయిపోతుంది, పాత రొమ్ములాగే ఉంటుంది.

వాస్తవం: ఆసుపత్రిలో ఉండేది మూడు నుంచి ఐదు రోజులు. గాయంలో చేరే నీటిని బయటికి తీసే గొట్టాలను (డ్రెయిన్లు) ఆ నీరు రోజుకు 30 మిల్లీలీటర్ల లోపు వచ్చేదాకా ఉంచుతారు. ఆకారం సరిచేయడం, చనుమొన కట్టడం, పచ్చబొట్టుతో రంగు వేయడం కనీసం మూడు నెలల తర్వాతే. మీరు లావెక్కితే కొత్త రొమ్మూ లావెక్కుతుంది, అది మీ పొట్ట కొవ్వే కదా.

స్పర్శ మాత్రం పాతదానిలా రాదు. ఏడాది రెండేళ్లలో అక్కడక్కడా కొంత వస్తుంది, కొందరికి అదీ ఉండదు. అందువల్ల నొప్పికి వేడినీళ్ల సంచి పెట్టుకుని చర్మం కాలినా తెలియని ప్రమాదం ఉంది. పొట్ట మీదైనా, రొమ్ము మీదైనా కాపడం పెట్టకండి. స్నానం నీళ్ల వేడిని కూడా ముందు ముంజేతి మీద పోసుకుని చూసుకోండి.